తొమ్మిది రూపాయల తేడా

జూన్ 30, డిసెంబర్ 31. 1980ల్లో బ్యాంకు ఉద్యోగుల ఇళ్లలో ఈ రెండు రాత్రులూ వారి కోసం ఎదురుచూడకుండానే భోంచేసేవారు. ఆరు నెలల వడ్డీలు కట్టి, లెడ్జర్లు టాలీ అయ్యేదాకా బ్రాంచిలో దీపాలు ఆరేవి కావు. 54 పడాల్సిన చోట ఎవరో 45 వేస్తే, ఆ తొమ్మిది రూపాయల కోసం నలుగురు కూర్చుని పేజీలు తిరగేసేవారు. తేడా తొమ్మిదితో శేషం లేకుండా భాగించబడితే అంకెలు తారుమారై ఉంటాయని సీనియర్లు ఇట్టే పసిగట్టేవారు.

ఇంత చాకిరీ తప్పించే యంత్రం వస్తుందంటే ఎగిరి గంతేయాలి. కానీ జరిగింది వేరు.

1960ల మధ్యలో ఎల్‌ఐసీ తన కలకత్తా కార్యాలయంలో కంప్యూటర్ పెట్టబోతే, అది లోపలికి రాకుండా ఉద్యోగులు ఇలాకో హౌస్ భవనం దగ్గర రాత్రింబవళ్లు కాపలా కాశారు. అప్పటికి వారిలో చాలామంది కంప్యూటర్‌ను చూసైనా ఉండరు. వారికి తెలిసిందల్లా ఒకటే: పదిమంది చేసే పని అదొక్కటే చేస్తుందట.

బ్యాంకుల్లో అందుకే యంత్రం కన్నా ముందు ఒప్పందం వచ్చింది. 1983లో యాజమాన్యాల సంఘమైన ఐబీఏ, ఉద్యోగ సంఘాలు యాంత్రీకరణపై సంతకాలు చేశాయి. మరుసటి ఏడాది రంగరాజన్ కమిటీ ఎక్కడెక్కడ ఏ యంత్రాలు పెట్టాలో చెప్పింది. అలా బ్రాంచీల్లోకి దిగినవాటికి కంప్యూటర్ అన్న పేరైనా లేదు, 'అడ్వాన్స్‌డ్ లెడ్జర్ పోస్టింగ్ మెషీన్' అన్నారు. వాటిపై కూర్చునేవారికి ప్రత్యేక అలవెన్సు ఇచ్చారు. 1993లో మరో ఒప్పందం కుదిరి, రద్దీ బ్రాంచీల పూర్తి కంప్యూటరీకరణకు దారి తెరుచుకుంది. 1998లో కేంద్ర విజిలెన్స్ కమిషనే రంగంలోకి దిగి, 2001 మొదలయ్యేలోగా 70 శాతం వ్యాపారం కంప్యూటర్ మీదికి రావాలని ప్రభుత్వ బ్యాంకులకు గడువు పెట్టింది.

యూనియన్ల భయం ఉత్తదే అనడానికీ లేదు. 2000-01లో ప్రభుత్వ బ్యాంకుల్లో సుమారు లక్షమంది స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు. అదే సమయంలో, ఉన్నవారికి అర్ధవార్షిక జాగారాలు తప్పాయి. ఖాతాదారుకూ లాభమే. పొదుపు ఖాతా వడ్డీని అంతకుముందు, ప్రతి నెలా 10వ తేదీ నుంచి ఆఖరు దాకా ఉన్న కనీస నిల్వపైనే లెక్కకట్టేవారు. 2010 ఏప్రిల్ 1 నుంచి ఏ రోజు నిల్వపై ఆ రోజుకు వడ్డీ లెక్కకడుతున్నారు. చేతిరాత లెడ్జర్‌తో అయ్యే పని కాదది.

అమెరికా పరిశోధకుడు ఫ్రెడ్ డేవిస్ 1989లో ప్రచురించిన వ్యాసం ఈ వ్యవహారాన్ని రెండు ప్రశ్నలకు కుదించింది. ఇది నా పనికి ఉపయోగపడుతుందా? వాడటం తేలికేనా? కొత్త సాంకేతికతను ఉద్యోగి అక్కున చేర్చుకుంటాడా, పక్కన పెడతాడా అన్నది చాలావరకు ఈ రెండు జవాబుల మీద ఆధారపడుతుందని ఆయన సిద్ధాంతం.

ఈ రెండింటికీ 'కాదు' అన్న జవాబే వస్తే ఏమవుతుందో 2021లో మహారాష్ట్ర అంగన్‌వాడీ కార్యకర్తలు చూపించారు. పిల్లల బరువు, ఎత్తు, పోషకాహారం వివరాలు ఎక్కించేందుకు సర్కారు ఫోన్లిచ్చింది. మెమరీ చాలక అవి మాటిమాటికీ ఆగిపోయేవి. పోషణ్ ట్రాకర్ యాప్ ఏమో అప్పట్లో ఇంగ్లిషులో ఉండేది. మరాఠీలో రిజిస్టర్లు చకచకా నింపే చేతులు అక్కడ తడబడ్డాయి. వేలమంది ఆ ఫోన్లను తిరిగి అప్పగించేశారు. పిల్లల వివరాలు రాయడానికి వారెన్నడూ వెనకాడలేదు. వద్దన్నది ఆ ఫోన్‌ను, ఆ భాషను.

బ్యాంకు గుమస్తాకు బేరమాడే యూనియన్, చేతికి అలవెన్సు, ఉద్యోగం పోదన్న హామీ ఉండేవి. గౌరవ వేతనం మీద బతికే అంగన్‌వాడీ కార్యకర్తకు అంత బేరశక్తి లేదు. మొదటివారిని ఒప్పించడానికి ఏళ్లు పట్టింది. రెండోవారిని ఒప్పించాలన్న ఆలోచనే ఎవరికీ వచ్చినట్టు లేదు.

మీ ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్‌ను ఖరారు చేసేది మీరే అయితే, సంతకం పెట్టే ముందు ఒక పూట కౌంటర్ దగ్గరో, స్టోర్‌రూములోనో దాన్ని రోజూ వాడబోయేవారి పక్కన కూర్చోండి. వారిని తొమ్మిది రూపాయల తేడాలా వేధిస్తున్న పని ఏదో అడిగి తెలుసుకోండి. ముందు దాన్ని తప్పించే సాఫ్ట్‌వేర్ కొనండి.