గాంభీర్యమనగా లోతు

పులిగడ్డ వద్ద రెండు పాయలుగా చీలి దివిసీమను చుట్టుకొన్న కృష్ణవేణి, పాలకాయతిప్ప దాపున సముద్రమున కలియుచున్నది. కోడూరు దాటి, హంసలదీవి వేణుగోపాలస్వామిని దర్శించుకొని, మాఘ పూర్ణిమనాడు జనులు తండోపతండములుగా ఆ సంగమమునకు స్నానమునకై పోవుదురు. ఆ నీట మునిగిన కాకి హంసయయ్యెనని స్థలపురాణము.

ఆనాడు ఇసుకతిన్నెపై నిలిచి చూచువానికి మొదట గాంభీర్యమనునది కానరాదు. పిల్లల కేకలు, బొమ్మల బేరములు, తప్పిపోయినవారి కొఱకు పిలుపులు. అయినను ఒక్కటి గమనింపుడు. అంతవరకు నవ్వుచు వచ్చిన ముసలమ్మ మోకాలిలోతు నీట నిలిచి, కొంగు సవరించుకొని, దోసిలి పట్టగానే ఆమె ముఖము మారును. చుట్టునున్న సందడి అట్లేయుండును; ఆ క్షణమున ఆమె మాత్రము దానిలో నుండదు.

గాంభీర్యమనగా మౌనమనియు, ముడుచుకొన్న మొగమనియు మనలో పలువురు అర్థము చెప్పుకొందురు. మాట స్వభావము అది కాదు. గంభీరమనగా లోతైనది, నీటికి చెల్లిన విశేషణము. నాయకుని సాత్త్విక గుణములు ఎనిమిదింటిలో గాంభీర్యమును చేర్చిన ఆలంకారికులు, కోపహర్షభయములు లోన నున్నను పైకి వికారము కానరాకుండుటయే దాని లక్షణమనిరి. లోపల భావమే లేనివానికి ఈ గుణము చెల్లదు. మన పెద్దలు నిండుకుండ తొణకదని రెండు మాటలలో తేల్చినదియు ఇదియే.

కావున గాంభీర్యమునకు నవ్వుతో వైరము లేదు. మన పెండ్లిని చూడుడు. జీలకఱ్ఱ బెల్లము పెట్టు ముహూర్తమున మనవారు మౌనము పాటింపరు, గట్టిమేళము మ్రోయింతురు. కొంతసేపటికి తలంబ్రాల పోటీలో పందిరియంతయు నవ్వును. అంతమాత్రమున పెండ్లి తేలికపడదు. ఛాయాచిత్రము సరిగా రాలేదని వధూవరులచేత ఆ ముహూర్తమునే మరల అభినయింపజేసినప్పుడు మాత్రము తేలికపడును. ఎంత జరీ, ఎన్ని దీపములు ఉన్నను అప్పుడా క్రియలో లోతు మిగులదు.

ఈ తీరమునకు పూర్ణిమ గాక వేఱొక తిథియు కలదు. 1977 నవంబరు 19. ఆనాటి తుపానుకు సముద్రము ఉప్పెనయై దివిసీమపై విరుచుకుపడెను. ఆ తుపాను వాతబడి సుమారు 10,000 మంది మరణించిరని లెక్క తేలినది. అంతకు చాల హెచ్చని చెప్పువారును కలరు. మృతులలో ఎక్కువమంది దివిసీమవారే. ఈ కడలికి అది తొలి ఆగ్రహము కాదు. 1864 నవంబరు 1నాటి ఉప్పెనలో బందరు ప్రాంతమున సుమారు 30,000 ప్రాణములు పోయినవి.

1977లో ఎందరి దేహములో ఆనవాలు పట్ట వీలుకానివయ్యెను. ఒక్కొక్కరికి శాస్త్రోక్తముగా కర్మ జరిపించు వ్యవధి లేదు. కొన్ని యిండ్లలో జరిపించువారే మిగులలేదు. ఎక్కడెక్కడినుండియో వచ్చిన సేవకులు, తమకు పేరైనను తెలియనివారిని చేతులతో ఎత్తి సామూహికముగా అంత్యక్రియలు చేసిరి. అచట మేళము లేదు, పందిరి లేదు, పెక్కుచోట్ల మంత్రమును లేదు. ఆ క్రియకంటె గంభీరమైన దానిని నేను ఊహింపజాలను.

తుపాను వెలిసిన పిదప ఒకానొక గ్రామమున బడి తెరచిన ఉపాధ్యాయుని తలచుకొందము. ఆయన ఎదుట హాజరుపట్టిక యున్నది. వరుసగా పేర్లు పిలువవలెను. కొన్ని పేర్లకు బదులు రాదని ఆయనకు తెలియును. పిలువకుండ దాటిపోవుటయా? పిలిచి ఆగుటయా? ఏ శాస్త్రమును ఆయనకు దారి చూపదు. అంతకు ముందు దినము వరకు క్షణములో ముగించిన నిత్యకృత్యము నేడు కర్మకాండయంత బరువైనది. పట్టిక మారలేదు, పేర్ల విలువ తెలిసినది.

ఆ విలువ తెలియుటకు ఉప్పెనయే రావలెనా? కాలు తగిలిన పుస్తకమును కన్నుల కద్దుకొను బాలుడును, నీట దింపబోవు పడవను తాకి దండము పెట్టుకొను బెస్తవాడును ఏ ఉత్సవమును జరుపుట లేదు. తాము ముట్టుకొన్నది సామాన్యమైనది కాదని ఒక్క క్షణము ఒప్పుకొనుచున్నారు. ఉత్సవములు మనకు నేర్పవలసినది ఇంతియే.

ఏటేట నవంబరు 19న దివిసీమలో మృతులకు నివాళులర్పించుచున్నారు. మన బడులలోను ఏదో యొక సందర్భమున పిల్లలను రెండు నిమిషములు మౌనముగ నిలబెట్టుదుము. వారు కదలిన కసురుకొందుము. బెత్తము చూపి నిలిపిన మౌనమునకు లోతుండదు. ఎవరికొఱకు నిలుచుచున్నారో, వారికేమి జరిగినదో ముందుగా చెప్పుడు. పిదప బెత్తముతో పనియుండదు.

ఉపాధ్యాయ మిత్రులారా, రేపు ఉదయము హాజరుపట్టిక తెరచినప్పుడు ఒక్కొక్క పేరును పూర్తిగా పలుకుడు. బదులు వచ్చినంతనే తల యెత్తి ఆ పిల్లవాని మొగము చూచి, పిదప గుర్తు పెట్టుడు.