సంచి ఒకరి చేతిలో... లెక్క అందరి ముందు!

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, ఇస్నాపూర్... ఈ పేర్లు వినగానే పొగగొట్టాలు, లారీలు, సైరన్ మోతలే గుర్తొస్తాయి. మూడు షిఫ్టుల ఈ బతుకులో ఆదివారం కూడా షిఫ్టును బట్టే వస్తుంది. రాత్రి డ్యూటీ దిగి, నాలుగు చెంబులు పోసుకుని, కళ్లు మూతలు పడుతున్నా బైబిలు పట్టుకుని ఆరాధనకు నడిచేవాళ్లు ఇక్కడ ఎందరో. పొద్దున కుదరనివాళ్లకు సాయంత్రం ఎవరో ఒకరింట్లో ప్రార్థన ఉంటుంది. గుడి అంటే అన్నిచోట్లా గోపురం, గంట ఉండవు. ఒకచోట అద్దెకు తీసుకున్న షట్టరు గది, ఇంకోచోట రేకుల షెడ్డు. ఏ గుడికి వెళ్లినా తప్పక కనిపించేది మాత్రం ఒకటుంది. పాట సాగుతుండగా వరుసల వెంట కదిలే కానుకల సంచి!

ఆ సంచి బరువు తెలియాలంటే అందులో పడే డబ్బు ఎక్కణ్నుంచి వస్తోందో చూడాలి. కాంట్రాక్టు కూలీ జీతంలో పీఎఫ్, ఈఎస్ఐ కోతలు పోతాయి. రూము అద్దె, కిరాణా కొట్టు బాకీ, ఊళ్లో అమ్మకు పంపాల్సింది ఎలాగూ తప్పవు. వీటన్నిటి మధ్య నుంచి తీసిన పదో వంతు అది. క్రైస్తవుల మాటల్లో దశమభాగం. కోతలకు ముందున్న జీతం మీద లెక్కగట్టాలా, చేతికొచ్చిన దాని మీదా అని భార్యాభర్తలు వాదించుకునే ఇళ్లూ ఉన్నాయి. ఎంత ఇవ్వాలన్న దాని మీద ఇంత చర్చ జరుగుతుంది. ఇచ్చింది ఏమైందన్న దాని మీద మాత్రం అంత జరగదు. నిజానికి బైబిలు ఎక్కువ పట్టింపు చూపించింది ఈ రెండో ప్రశ్న మీదే.

తాళాలు నావే... ఇల్లు నాది కాదు

తెలుగు బైబిల్లో ఓ చక్కని మాట ఉంది... గృహనిర్వాహకుడు. పెద్ద ఇంట్లో ధాన్యం కొలిచేది అతనే, పనివాళ్లకు కూలి ఇచ్చేదీ అతనే. తాళాలగుత్తి అతని మొలకే ఉంటుంది. ఇల్లు మాత్రం అతనిది కాదు! లూకా సువార్త పదహారో అధ్యాయంలో యజమాని అలాంటి నిర్వాహకుణ్ని పిలిపించి ముందుగా అడిగేది లెక్కే. తలాంతుల కథలోనూ అంతే. చాలాకాలం తర్వాత తిరిగొచ్చిన యజమాని దాసులతో లెక్క చూసుకుంటాడు. తలాంతు అంటే అప్పట్లో పెద్ద మొత్తం డబ్బు. మన సంఘాల్లో అదిప్పుడు పాటలు పాడే నేర్పు, కీబోర్డు వాయించే నేర్పు అయి కూర్చుంది. ప్రతిభ అనే అర్థం మనకు బాగా నచ్చింది. లెక్క అనే అర్థం మెల్లగా జారిపోయింది.

ఈ పారిశ్రామికవాడలో ఎవరికైనా ఇట్టే అర్థమయ్యే పాత్ర మరొకటుంది. కపెర్నహూములోని రోమా శతాధిపతి. ఇంట్లో జబ్బుపడ్డ పనివాణ్ని బాగుచేయమని యేసును వేడుకుంటాడు. ఇంటిదాకా రానక్కర్లేదు, మాట చాలు అంటాడు. అందుకతను చెప్పిన కారణం చూడండి. తానూ ఒకరి అధికారానికి లోబడినవాడే. తన కింద సైనికులున్నారు. పొమ్మంటే పోతారు, రమ్మంటే వస్తారు. ఆ జవాబుకు యేసు ఆశ్చర్యపోయాడని, అంతటి విశ్వాసం ఇశ్రాయేలులో కూడా చూడలేదన్నాడని మత్తయి రాశాడు.

షిఫ్టు ఇన్‌చార్జికి ఇది వేరే చెప్పాలా? అతని మాట చెల్లుతోందంటే పైన ఒకరికి అతను జవాబుదారీ కాబట్టే. షిఫ్టు మారేటప్పుడు లాగ్‌బుక్కులో రాసి, సంతకం పెట్టి దిగుతాడు. పైవాడికి లోబడకుండా కిందివాళ్లను మాత్రం లోబరుచుకుంటానంటే దానికి అధికారమన్న పేరు తగదు. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి కర్మాగారంలో పేలుడు జరిగి 50 మందికి పైగా కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. పొట్టకూటి కోసం వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు అందులో ఎందరో. అలాంటి చోట అధికారం గురించి ఏ వేదిక మీదా తేలిగ్గా మాట్లాడలేం.

కరువులో కట్టిన గోపురం

2016లో సంగారెడ్డి వేరే జిల్లా అయ్యేదాకా ఇదంతా మెదక్ జిల్లానే. జిల్లా కేంద్రమేమో సంగారెడ్డి. ఇప్పటికీ ఇక్కడి క్రైస్తవులకు పెద్దగుడి అంటే మెదక్ చర్చే. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో దాని పని మొదలుపెట్టించాడు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. 2024 క్రిస్మస్‌కు నూరేళ్లు నిండాయి. చూడవచ్చినవాళ్లు 175 అడుగుల గోపురానికీ, రంగుటద్దాల కిటికీలకూ ఫొటోలు తీసుకుంటారు. ఊళ్లో పెద్దవాళ్లు మాత్రం ముందు గింజల సంగతి చెబుతారు. అది కరువుకాలం. ఊరికే గంజి పోయకుండా పని చూపించి, పనికి తిండి ఇచ్చాడు పాస్నెట్. తర్వాతి కాలంలో వచ్చిన పనికి ఆహార పథకం లాంటిదన్నమాట.

ఆకలితో మాడేవాళ్లకు కావాల్సింది అంత పెద్ద గుడా అని అడగొచ్చు. అడగాలి కూడా. చెయ్యి చాచకుండా కష్టపడి తిన్నామన్న గౌరవం దక్కిందన్నది నిజమే. ఏం కట్టాలి, ఎంత కట్టాలి అన్నది మాత్రం రాళ్లు మోసినవాళ్లు తేల్చిన సంగతి కాదు. మిషనరీ ఎంత మంచివాడైనా సంచి ఆయన చేతిలోనే ఉంది. లెక్క సముద్రం అవతలివాళ్లకు వెళ్లేది.

ఈ చిక్కును గట్టిగా పట్టించుకున్న మనిషి వి.ఎస్.అజరయ్య. తిరునల్వేలి ప్రాంతం నుంచి వచ్చి, 1912లో డోర్నకల్ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే. ఆయన సంఘస్థుల్లో అత్యధికులు మాల, మాదిగ కూలీలు. వాళ్ల దగ్గర ఏముందని అడుగుతామని జాలిపడేవారికి ఆయన జవాబు ఒకటే. పేదవాడు పుచ్చుకునేవాడు మాత్రమే కాదు, ఇచ్చేవాడు కూడా. క్రైస్తవుడు ఇవ్వడం గురించి ఏకంగా పుస్తకమే రాశాడు. దక్షిణాది పల్లె సంఘాల్లో మనకు తెలిసిన పిడికెడు బియ్యం అలవాటు ఈ ఆలోచనకు చక్కగా సరిపోతుంది. ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. ఆదివారం ఆ కుండ గుడికి వెళుతుంది.

పిడికెడే కదా అనుకోకండి. కుండలో తన పిడికెడు ఉన్నమ్మకు ఆ కుండ గురించి అడిగే హక్కు ఉంటుంది. దానం పుచ్చుకున్నవాడికి ఆ హక్కు రాదు.

హైదరాబాద్‌లో ఇంకో దారి కనిపించింది. పంజాబీ సిక్కు కుటుంబంలో పుట్టిన భక్తసింగ్ 1950లో ఇక్కడ హెబ్రోను ప్రారంభించాడు. 2000 సెప్టెంబర్‌లో కన్నుమూసేదాకా ఆయన పట్టుకున్న నియమం... జీతం తీసుకోను, మనుషుల్ని డబ్బు అడగను, దేవుణ్నే అడుగుతాను. పరిశుద్ధ సమాజ కూటాలకు వేలమంది వచ్చేవారు. అందరికీ భోజనం పెట్టేవారు. దీని ప్రభావం పడ్డ సంఘాలు తెలుగునాట చాలానే ఉన్నాయి. నియమం గొప్పదే. ఒక్క మాట మాత్రం చెప్పుకోవాలి. అడగకపోవడం వేరు, చెప్పకపోవడం వేరు. డబ్బు అడగలేదు కాబట్టి లెక్క చెప్పనక్కర్లేదని ఎవరైనా అంటే అది ఆ నియమానికి అతికించిన మాటే.

'అభిషిక్తుణ్ని' అడగొచ్చా?

అసలు ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. జీతం పడ్డ వారంలో 'విత్తనం వేయండి, నూరంతలు కోస్తారు' అనే బోధ జోరుగా వినిపించే చోట్లున్నాయి. పీఎఫ్ డబ్బు తీసి ఇచ్చినవాళ్లు, వడ్డీకి తెచ్చి ఇచ్చినవాళ్లు కూడా కనిపిస్తారు. పంట రాకపోతే నీ విశ్వాసంలో లోపముందంటారు. లెక్క అడిగితే దేవుని అభిషిక్తుల జోలికి పోవద్దని కీర్తనల్లోని మాట చూపిస్తారు.

ఆ మాట ఎక్కడిదో ఓసారి చూద్దాం. 105వ కీర్తనలో అది అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల గురించి. ఊరూ వాడా లేకుండా, దేశం పట్టి తిరిగే కొద్దిమంది వాళ్లు. వాళ్లను ముట్టవద్దని హెచ్చరిక అందుకున్నది రాజులు. బలహీనుల్ని బలవంతుల నుంచి కాపాడిన మాటను, బలవంతుల్ని ప్రశ్నల నుంచి కాపాడేందుకు వాడటం ఏం న్యాయం? దావీదు సంగతీ చెబుతుంటారు, సౌలు మీద చెయ్యి ఎత్తలేదని. నిజమే, ఎత్తలేదు. గుహ బయటికొచ్చి, కోసిన అంగీ చెంగు పైకెత్తి చూపిస్తూ అందరూ వింటుండగా నిలదీయడం మాత్రం మానలేదు!

యేసు శిష్యుల్లోనూ డబ్బు సంచి ఒకరి దగ్గర ఉండేది. యూదా దగ్గర. అందులోంచి తీసుకునేవాడని యోహాను దాచకుండా రాశాడు. ఈ కథ పౌలుకు తెలుసో లేదో గానీ జాగ్రత్త మాత్రం పడ్డాడు. యెరూషలేములోని పేదలకు చందా పట్టుకెళ్లేటప్పుడు ఒంటరిగా వెళ్లలేదు. సంఘాలే ఎంచుకున్న మనిషిని తోడు తీసుకున్నాడు. దేవుని ముందే కాదు, మనుషుల ముందు కూడా సవ్యంగా కనిపించాలని కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో కారణం చెప్పాడు. అపొస్తలుడికే అడ్డురాని ఆడిట్ మన అయ్యగారికి అడ్డొస్తుందా?

ఇదేం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. వేరువేరు కుటుంబాల నుంచి ఇద్దరు కూర్చుని ఆరాధన అయిన వెంటనే లెక్కపెట్టి సంతకాలు పెడితే చాలు. ఆ అంకె వచ్చే ఆదివారం బోర్డు మీద ఉండాలి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంఘాలు ఏటా సర్వసభ్య సమావేశం పెట్టుకుని లెక్కలు చూపాలి. పాత పెద్ద సంఘాలకు కమిటీలు, ఎన్నికలు, ట్రస్టులు ఉన్నాయి. అక్కడ అంకెలకు కొదవ లేదు, ఆ కాగితాన్ని చదివేవాళ్లకే కొదవ. ఇంకో సంగతీ చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఈ బస్తీల్లో చాలామంది అయ్యగార్లు ఏదో ఒక పని చేసుకుంటూ, కార్మికుల పక్క గదిలోనే అద్దెకుంటూ సేవ చేస్తున్నారు. నోటీసుబోర్డు పెట్టమంటే ముందు సంతోషించేది అలాంటివాళ్లే. దాచడానికి వాళ్ల దగ్గర ఏముంది గనక?

మరి వాగు లెక్క?

నిర్వాహకత్వం సంచితోనే ఆగదు. మంజీరలో కలిసే నక్కవాగు కథ ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిందే. 1970ల నుంచి వెలిసిన పరిశ్రమల వ్యర్థాలతో బావులు, చెరువులు పాడైపోతే పల్లెల గోడు 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. స్వీడన్ శాస్త్రవేత్తల బృందం 2007లో ఓ పరిశోధన ప్రచురించింది. పటాన్‌చెరులో దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేల్చింది. మాత్రగా మింగాల్సిన మందు వాగు పాలైందన్నమాట!

సి.ఎస్.ఐ. సంఘాలు జూన్ 5కు దగ్గరి ఆదివారాన్ని పర్యావరణ ఆదివారంగా జరుపుకుంటాయి. ఆ రోజు మొక్కలు నాటుతారు, మంచిదే. అదే గుడిలో వెనక వరుసలో కూర్చున్న కుర్రాడికి మాత్రం రాత్రి షిఫ్టులో ఏ ట్యాంకరు ఎటు వెళ్లిందో తెలిసి ఉండొచ్చు. నోరు విప్పితే తెల్లారి గేటు పాసు ఉండదు. నమ్మకమైన నిర్వాహకుడిలా ఉండమని అతనికి ప్రసంగం చెప్పడం తేలిక. ఊళ్లో అమ్మకు పంపే డబ్బు ఆగిపోతే ఆ నెల ఎవరు చూస్తారు? ఫిర్యాదు మీద కుర్రాడి పేరు లేకుండా సంఘం పెద్దలే సంతకాలు చేసి కాలుష్య నియంత్రణ మండలికి ఇవ్వొచ్చు. పని పోతే రెండు మూడు నెలలు ఆ ఇంటి కిరాణాకు కానుకల సంచిలోంచే ఇంత అని ముందే తీర్మానం రాసుకోవచ్చు. లెక్కల పుస్తకంలో దానికి ఒక్క పద్దు తెరిస్తే చాలు.