వెన్నెముకను తీర్చే బలాలు

కోడిగ్రుడ్డును పొదగబెట్టిన రెండవనాడు పెంకు తొలగించి సూక్ష్మదర్శినితో చూస్తే, పిండం నడుమ ఒక నాళికా, దానికి ఇరుప్రక్కలా జతజతలుగా చిన్న దిమ్మలూ కనబడతాయి. వీటినే సోమైటులు అంటారు. వెన్నుపూసలు, ప్రక్కటెముకలు, శరీరకండరాలలో చాలా భాగం వీటినుండే పుడతాయి. మనిషి పిండంలోనూ ఇంతే. ఒక వెన్నుపూస ఒకవైపు సగమే ఏర్పడితే, బిడ్డ పుట్టుకతోనే వెన్ను ప్రక్కకు వంగి ఉండవచ్చు. కనుక ఈ దిమ్మలు రెండువైపులా సమానంగా ఏర్పడటం చిన్న విషయం కాదు.

కోడిపిండంలో సుమారు 90 నిమిషాలకు ఒక జత చొప్పున, తలవైపునుండి తోకవైపుకు ఇవి ఏర్పడతాయి. కణాలలో ఒక గడియారం వంటిది ఉండాలని 1976లో కుక్, జీమన్ ఊహించారు. 1997లో కోడిపిండంలో ఒక జన్యువు సరిగా 90 నిమిషాల కొకసారి పనిచేస్తూ, ఆగుతూ ఉండటం కనుగొన్నారు. అయితే గడియారం వేళ చెబుతుందే గాని, కణజాలాన్ని ముక్కలుగా విడదీయదు గదా! 2014లో కొందరు పరిశోధకులు ఈ గడియారం నడవని కణజాలం నుండి కూడా సోమైటులను పుట్టించగలిగారు. అవి వరుస తీరలేదు. ద్రాక్షగుత్తివలె ఒక్కసారిగా ఏర్పడ్డాయి. అంటే దిమ్మకట్టే శక్తి కణాలలోనే ఉన్నదన్నమాట.

ఆ శక్తి ఎటువంటిదో తెలిసికొనడానికి జీబ్రాచేప అనువైనది. దాని పిండం గాజువలె పారదర్శకం. 2018లో దాని కణాల నడుమ అయస్కాంతానికి లొంగే నూనెబిందువులను ఉంచి, వాటిని సాగదీసి చూశారు. తోకచివర కణజాలం ద్రవంవలె సులభంగా దారి ఇచ్చింది. ముందుకు వచ్చేకొద్దీ ఘనపదార్థంవలె ఎదురు నిలిచింది. తిరునాళ్ళలో జనం పలుచగా ఉంటే దారి దొరుకుతుంది, క్రిక్కిరిస్తే ఎక్కడివారు అక్కడే నిలిచిపోతారు. కణాల సంగతీ ఇటువంటిదే.

ఇంకొక వింత 2022లో బయటపడింది. సుందర్ నాగనాథన్, ఆండ్రూ ఓట్స్ మొదలైనవారు జీబ్రాచేపలో కొలిచి చూడగా, కుడియెడమల సోమైటులు పుట్టేటప్పుడు చాలా జతలలో సమానంగా లేవు! కాని గంటలోపల వాటి పొడవులు సర్దుకొన్నాయి. పరిమాణం మారలేదు, పొడవు తగ్గితే వెడల్పు పెరిగింది. ఎడమది కుడిదాన్ని చూసి కొలుచుకొనవలసిన అవసరం లేదు. దేనికది తన తలతన్యతవల్ల తగిన ఆకారానికి చేరుకొంటుంది.

పాఠశాలలో దీనికి పోలిక చూపడం కష్టం కాదు. నీటిలో తగినంత స్పిరిటు కలిపి, అందులో నూనెబొట్టు తేలక, మునగక నిలిచేటట్లు చేయండి. పుల్లతో మెల్లగా సాగదీసి వదిలితే బొట్టు మరల గుండ్రనవుతుంది. నూనెలో ఇది అణువుల ఆకర్షణ ఫలితం. సోమైటులో మాత్రం ప్రోటీనుల పాత్ర ఉన్నది. ఇంటెగ్రిన్, ఫైబ్రోనెక్టిన్ అనేవాటికి అంతరాయం కలిగించినప్పుడు, ఆ సర్దుబాటు కుంటుపడింది.