గోడమీద స్తుతి, వేదికమీద చీకటి పాట

లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాలు 1871 మార్చి 29న ప్రారంభమైంది. గుండ్రని ఆ కట్టడం పైభాగాన చుట్టూ పెద్ద అక్షరాల రాత ఒకటుంది. హాలు ఎందుకు కట్టారో చెప్పాక ఆ రాత దావీదు ప్రార్థనలోని (1 దినవృత్తాంతములు 29:11) మాటలతో సాగి, బేత్లెహేము గొల్లలు విన్న దూతల స్తుతితో ముగుస్తుంది. గుడ్ ఫ్రైడేనాడు ఇక్కడ హాండెల్ 'మెస్సయ' పాడే ఆనవాయితీ 1876లో మొదలైంది.

అదే వేదికమీద 1983 సెప్టెంబరు 30, అక్టోబరు 1 తేదీల్లో సూజీ అండ్ ద బాన్షీస్ బృందం పాడింది. 'నాక్టర్న్' అనే ఆల్బమ్ ఆ కచేరీల రికార్డింగే. వీరి పాటలను గోతిక్ రాక్ అంటారు. 1970ల చివర బ్రిటన్‌లో పంక్ సంగీతం నుండి పుట్టిన శాఖ ఇది. నల్లని బట్టలు, బరువైన బేస్ గిటారు, మరణం, భయం, ఒంటరితనం దీని గుర్తులు. విచిత్రమేమంటే, 'గోతిక్' అన్న మాట మనకు చర్చి కట్టడాల ద్వారానే పరిచయం. మెదక్ చర్చిలోని కోసు తోరణాలు, రంగుటద్దాల కిటికీలు ఆ శైలివే.

మన పిల్లల ఫోన్లలో ఇలాంటి పాటలు వినబడితే మనం ఉలిక్కిపడతాము. పాట ఏమి చెబుతోందో పరీక్షించవలసిందే. చావును ముద్దుచేసే పాట, దేవుని దూషించే పాట మనకు తగవు. అయితే దుఃఖంతో నిండిన ప్రతి పాటా సాతానుది కాదు. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది; విలాపవాక్యములు పేరుకు తగ్గట్టే విలాపము. తేడా ఒక్కటే: కీర్తనకారుడు తన చీకటిని దేవునికే మొరపెట్టుకున్నాడు.

ఇదే బాటలో పేరు పొందిన ద క్యూర్ బృందం 2014లో ఈ హాలులోనే క్యాన్సర్ బాధితులైన యౌవనుల సహాయార్థం పాడింది. చీకటి పాటలు పాడేవారి హృదయమంతా చీకటే అని తీర్పు తీర్చేముందు ఇది గుర్తుంచుకుందాం.

తల్లిదండ్రులారా, సంఘ పెద్దలారా! ఫోను లాక్కోకముందు ఒక్క ప్రశ్న అడుగుదాం: "ఈ పాటలో నీకు నీదనిపించిన మాట ఏది, నాయనా?" ఆ జవాబులో మనతో ఎన్నడూ చెప్పుకోని బాధ బయటపడవచ్చు. మన ఆరాధనలో సంతోష గీతాలకే చోటుండి, ఏడ్చేవారి కీర్తనకు చోటు లేకపోతే, ఆ బిడ్డ తన కన్నీటికి పాటను మరోచోట వెదుక్కుంటాడు. 88వ కీర్తనను మన ఆదివారపు ఆరాధనలో చివరిసారి ఎప్పుడు చదివాము?