ఎర్ర గుట్టను ఉత్త మొర్రమనుకుంటె ఎట్ల?

గుట్టల మీద నడక అంటె హైదరాబాదోళ్లకు ఖాజాగూడ, మౌలాలి గ్రానైటు బండలే యాదికొస్తయి. అవి సుమారు 250 కోట్ల ఏండ్ల కిందివి. పగుళ్ల పొంటి అరిగి అరిగి, ఒకదాని మీదొకటి పేర్చినట్టు గుండ్లుగ నిలబడ్డయి. వాటిని కాపాడాలని 1996లనే ఓ సొసైటీ పుట్టింది, బండల నడుమ నడకలు గూడ పెడుతది.

నాగల్‌గిద్ద దిక్కు వస్తె లెక్క మారుతది. నారాయణఖేడ్ పడమటి నేల 6.6 కోట్ల ఏండ్ల కింద పారిన లావా. పొర మీద పొర, మెట్లు మెట్లుగ గడ్డకట్టింది. అందుకే ఇక్కడి మిట్టల నెత్తి చదునుగుంటది. గొర్లకాపర్ల బాట పట్టుకుంటె ఎక్కుడు అలుక. వానకాలం దిగువన నల్లరేగడిల చెప్పులు ఊడుతయి, అది వేరే ముచ్చట.

ఈ సీమల అక్కడక్కడ లావా మీద ఎర్రటి లాటరైటు టోపీ ఉంటది. బొక్కల బొక్కల రాయి, వాననీళ్లు గుంజుకుంటది. కింద గట్టి నల్లరాయి తగిలితె నీళ్లు పక్కకు ఊరి ఊటలైతయి. పక్కనున్న బీదర్‌ల బహమనీల కాలపు సొరంగ బావిని ఈ గుణం మీదనే తవ్విన్రు.

బంజరే గదా అని రోడ్డుకు మొర్రం తోడితె బాటతో పాటు ఊట గూడ పోతది. పంచాయతిల తీర్మానం రాసే ముందు, ఆ గుట్ట కింద నీళ్లు ఏ నెల దాంక ఉంటయో కాపరిని అడగాలె.