‘వాడు నన్ను పిలుస్తున్నాడు’ అని పిల్లాడు చెబితే...

భద్రావతి చుట్టూ బొగ్గు గనులున్నాయి. పని కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. అలాంటి ఒక ఇంట్లో పదిహేనేళ్ల పిల్లాడు ఉన్నాడనుకుందాం. వాడి స్నేహితుడు ఒకరోజు నీళ్లు నిండిన పాత గుంటలో శవమై తేలాడు. కాలు జారాడా, ఎవరైనా తోశారా, తనే దూకాడా? తేలలేదు. పది రోజుల తర్వాత ఈ పిల్లాడు అర్ధరాత్రి కేక పెట్టి లేచాడు. ‘గుండెల మీద కూర్చున్నాడమ్మా, కదలనివ్వలేదు’ అన్నాడు. బడిలో ఆ ఖాళీ బల్ల వైపు చూడటమే మానేశాడు.

అమ్మమ్మ ‘గాలి సోకింది’ అంటుంది. పక్కింటి మరాఠీ ఆమె ‘భూత్‌బాధా’ అంటుంది. భాషలు రెండైనా ఇద్దరూ చూపే దారి ఒక్కటే: మంత్రగాడి ఇల్లు. ఆ దారి పట్టకముందే తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు తెలుసుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి.

పిల్లాడు అబద్ధం చెప్పడం లేదు

1971లో ప్రచురితమైన ఒక అధ్యయనం కోసం వేల్స్‌కు చెందిన రీస్ అనే వైద్యుడు భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందితో మాట్లాడారు. చనిపోయినవారు దగ్గరే ఉన్నట్టు తమకు అనిపించిందని వారిలో దాదాపు సగం మంది చెప్పారు. చాలామంది ఆ మాట అంతకుముందు ఎవరికీ చెప్పుకోలేదు. ఇది పిచ్చి కాదు, దుఃఖం పనిచేసే తీరు.

గుండెల మీద బరువుకూ కారణం ఉంది. కలలు వచ్చే నిద్రలో కండరాలు సడలిపోయి శరీరం కదలకుండా ఉంటుంది. ఒక్కోసారి ఆ స్థితి వదలకముందే మెలకువ వస్తుంది. కళ్లు తెరిచే ఉంటాయి, చేయి లేవదు, గదిలో ఎవరో ఉన్నట్టు తోస్తుంది. కొన్ని క్షణాలో, ఒకటి రెండు నిమిషాలో ఉండి పోతుంది. నిద్ర చెడినవారికి ఇది ఎక్కువగా వస్తుంది.

మరణానికి కారణం తెలియకపోతే భయం ఇంకా పెరుగుతుంది. పెద్దలు నోరు మూసుకున్నచోట పుకార్లు నోరు తెరుస్తాయి. అందుకే తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియదని పిల్లలకు చెప్పాలి.

భయం ఎంత దూరం పోతుంది?

‘దెయ్యం పట్టింది’ అన్న మాట ‘ఎవరు పట్టించారు?’ అన్న ప్రశ్న దాకా పోతే ప్రమాదమే. 2021 ఆగస్టులో మన చంద్రపూర్ జిల్లాలోనే, తెలంగాణ సరిహద్దున ఉన్న జివతి తాలూకా వణి ఖుర్ద్ గ్రామంలో, చేతబడి అనుమానంతో ఏడుగురిని కట్టేసి కొట్టారు.

2013లో పుణెలో నరేంద్ర దాభోల్కర్ హత్య జరిగిన ఏడాదే మహారాష్ట్రలో చేతబడి, అమానుష ఆచారాల నిరోధక చట్టం వచ్చింది. దెయ్యం వదిలిస్తామంటూ కట్టేయడం, కొట్టడం, మిరపకాయల పొగ పెట్టడం, వాతలు పెట్టడం దాని కింద నేరాలు. ఆరు నెలల నుంచి ఏడేళ్ల దాకా జైలు. ఇంట్లో దీపం పెట్టుకోవడానికీ, గుడికి వెళ్లి మొక్కుకోవడానికీ ఈ చట్టం అడ్డురాదు.

ఒక్క మాట దగ్గర మాత్రం ఆగండి

‘వాడు కనిపిస్తున్నాడు’ అన్నప్పుడు పక్కన కూర్చుని వినండి. ‘వాడు రమ్మంటున్నాడు’, ‘నేనూ వెళ్లిపోతా’ అన్నప్పుడు మాత్రం ఆలస్యం చేయకండి. అది దెయ్యం మాట కాదు, పిల్లాడికి చావు ఆలోచన వచ్చిందని అర్థం కావచ్చు. వాణ్ని ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. చంద్రపూర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ సలహాదారులు ఏ వేళలోనైనా ఉచితంగా మాట్లాడతారు. తెలుగుతో సహా 20 భాషల్లో ఈ సేవ ఉంది. అలాంటి మాటలు లేకపోయినా, వారాల తరబడి నిద్ర, తిండి, చదువు కుదుటపడకపోతే డాక్టరుకు చూపించాలి.

ఇక్కడే మన బడుల పని మొదలవుతుంది. ఆసుపత్రిలో డాక్టరు మరాఠీలోనో హిందీలోనో అడుగుతారు. పిల్లాడికి దుఃఖం వచ్చేది తెలుగులో. ‘గుండె దడదడలాడుతోంది’, ‘లోపల ఏదో పిసికినట్టుంది’ అనేవి అనువాదంలో ‘భయపడుతున్నాడు’ అన్న ఒక్క ముక్కగా మిగిలిపోతాయి. వాడన్న మాటలు అన్నట్టే రాసిపెట్టండి. వీలైతే తెలుగు మాస్టారో టీచరమ్మో వెంట వెళ్లండి.

తరగతిలో ఆ ఖాళీ బల్లను గుట్టుగా తీసేయకండి. ఒక పూట పాఠం ఆపి, పోయినవాడి గురించి పిల్లల్ని మాట్లాడనివ్వండి. ఏడుపొస్తే ఏడవనివ్వండి. వాడి పేరు పగటిపూట పదిమందిలో పలకగలిగితే, రాత్రి ఒంటరిగా ఉన్న పిల్లాడికి ఆ పేరంటే భయం కొంతైనా తగ్గుతుందని మేము నమ్ముతున్నాం.