ఎండలో నిలిపిన కారు: మూడు గడియారాలు

దుబాయి నగరంలోని పాతపేటల్లో కరామా ఒకటి. అరబ్బీలో ఆ మాటకు గౌరవం అని అర్థం. మూడు నాలుగు అంతస్తుల భవనాలు, కింద కిరాణా కొట్లు, భోజనశాలలు, పైన కాపురాలు. తెలుగువారితో సహా భారతీయులు తరాలుగా నివసిస్తున్న పేట ఇది. ఈ భవనాల్లో చాలావాటికి నేలమాళిగలో కారు నిలుపుకునే సదుపాయం లేదు. కార్లన్నీ వీధిలోనే, ఎండలోనే ఉంటాయి. వాటిలో విద్యుత్ కార్ల సంఖ్య ఏటేటా పెరుగుతోంది. దుబాయి విద్యుత్, నీటి సంస్థ దీవా 2014లోనే విద్యుత్ కార్ల కోసం చార్జింగ్ కేంద్రాల పథకం ప్రారంభించింది. ఇంట్లోనుంచి దిగకముందే ఫోన్‌లోని యాప్‌తో కారును చల్లబరచుకోవడం ఇప్పుడు మామూలు విషయం.

ఆ యాప్ తెర మీద కారు లోపలి ఉష్ణోగ్రత ఒకే అంకెగా కనిపిస్తుంది. నిజానికి ఎండలో నిలిపిన కారుకు ఒకే ఉష్ణోగ్రత ఉండదు. లోపలి గాలి, సీట్లు-డాష్‌బోర్డ్ వంటి ఘనపదార్థాలు, నేల కింది బ్యాటరీ, ఈ మూడూ మూడు వేర్వేరు వేగాలతో వేడెక్కి, మూడు వేర్వేరు వేగాలతో చల్లారుతాయి. మొదటిదానికి నిమిషాలు చాలు. రెండోదానికి గంట పడుతుంది. మూడోదానికి పూటలు పడతాయి. ఈ తేడా తెలిస్తే కారు ఎందుకు అలా కాలిపోతుందో, ఏసీ వేసిన కాసేపటికే మళ్ళీ ఎందుకు ఉక్కపోస్తుందో అర్థమవుతుంది. అంతకన్నా ముఖ్యంగా, మూసిన కారులో చిక్కుకున్న పసిబిడ్డకు ఎంత తక్కువ సమయం ఉంటుందో కూడా తెలుస్తుంది.

గాజుపెట్టెలో ఎండ

కారుకన్నా చాలా ముందే ఈ ప్రయోగం జరిగింది. 1767లో స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు సాస్యూర్ ఒకదానిలో ఒకటి ఇమిడే ఐదు గాజుపెట్టెలు చేయించి ఎండలో పెట్టాడు. అన్నిటికన్నా లోపలి పెట్టెలో ఉష్ణోగ్రత 87 డిగ్రీల సెల్సియస్ దాటింది. తరవాత మెరుగుపరచిన పెట్టెను ఆయన ఆల్ప్స్ పర్వతాల మీదికి మోయించుకుని వెళ్ళాడు. పైన గాలి చల్లగా ఉన్నా పెట్టె లోపల వేడి దాదాపు కింద ఉన్నంతే ఉంది. బయటి గాలి చల్లగా ఉన్నంత మాత్రాన గాజు వెనక చల్లగా ఉండదని అప్పుడే తేలింది.

సూర్యకాంతి గాజును సులువుగా దాటి లోపలికి వస్తుంది. లోపలి వస్తువులు దాన్ని పీల్చుకుని వేడెక్కి, తిరిగి దీర్ఘతరంగ పరారుణ కిరణాలుగా వెలువరిస్తాయి. ఆ కిరణాలను గాజు బయటికి పోనివ్వదు. కారు వేడెక్కడానికి ఇదే కారణమని తరచుగా చెబుతారు. కాని ఇది సగం నిజమే. 1909లో అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు ఆర్. డబ్ల్యూ. వుడ్ రెండు పెట్టెలు తీసుకుని ఒకదానికి గాజు, ఇంకొకదానికి పరారుణ కిరణాలను పోనిచ్చే రాతి ఉప్పు పలక మూతగా పెట్టాడు. రెండూ ఇంచుమించు సమానంగానే వేడెక్కాయి. అంటే అసలు కారణం, వేడెక్కిన గాలి పైకి లేచి పోవడానికి దారి లేకపోవడమే.

దుబాయి ఉన్న చోటు దీనికి తోడైంది. నగరం అక్షాంశం సుమారు 25.2 డిగ్రీలు. కర్కటరేఖ 23.4 దగ్గర ఉంది. జూన్ 21 ప్రాంతాల్లో మధ్యాహ్నం పన్నెండు గంటల ఇరవై నిమిషాలకు సూర్యుడు నడినెత్తికి రెండు డిగ్రీల లోపే ఉంటాడు. ఆ సమయంలో పదిహేను మీటర్ల ఎత్తున్న కరామా భవనం నీడ అర మీటరు కూడా ఉండదు. ఉదయం నీడ చూసుకుని నిలిపిన కారు మధ్యాహ్నానికి పూర్తిగా ఎండలో పడుతుంది. నేరుగా పైనుంచి పడే ఆ ఎండ చదరపు మీటరుకు దాదాపు ఒక కిలోవాట్. విద్యుత్ కార్లలో చాలావాటికి పైకప్పు కూడా గాజుదే. మేలురకం గాజు పూత పరారుణ భాగాన్ని చాలావరకు తిప్పికొడుతుంది. పూత లేకపోతే ఆ వేడి లోపలికే. ఇంతకు మించి, ఎండ విషయంలో పెట్రోలు కారుకూ విద్యుత్ కారుకూ తేడా లేదు. వేడెక్కిన ఇంజను లేకపోవడం ఒక్కటే విద్యుత్ కారుకు కొద్దిపాటి మేలు.

మొదటి రెండు గడియారాలు

మామూలు కారు లోపల ఇమిడే గాలి సుమారు మూడు ఘనపు మీటర్లు. దాని బరువు మూడున్నర కిలోలు. ఆ గాలి ఒక డిగ్రీ వేడెక్కడానికి మూడున్నర కిలోజౌళ్ళు చాలు. అందుకే అది అంత త్వరగా కాగుతుంది. 2005లో పీడియాట్రిక్స్ పత్రికలో మెక్‌లారెన్, నల్, క్విన్ ప్రచురించిన అధ్యయనం ప్రకారం, గంటలో పెరిగే ఉష్ణోగ్రతలో 80 శాతం మొదటి అరగంటలోనే పెరిగిపోతుంది. బయట 22 డిగ్రీలే ఉన్న ఆహ్లాదకరమైన రోజున కూడా కారు లోపల గంటలో 47 డిగ్రీలకు చేరింది. అద్దాలు కొద్దిగా దించి ఉంచినా పెరుగుదల వేగం దాదాపు మారలేదు. వీరిలో జాన్ నల్ కొలతల సగటు చూస్తే పది నిమిషాల్లో 10, ఇరవై నిమిషాల్లో 16, గంటలో 24 డిగ్రీలు పెరుగుతుంది.

ఘనపదార్థాల కథ వేరు. 2018లో అరిజోనాలో జెన్నిఫర్ వానోస్ బృందం వేసవి ఎండలో గంటసేపు కార్లను నిలిపి కొలిచింది. డాష్‌బోర్డ్ సగటున 69 డిగ్రీలు, స్టీరింగ్ 53, సీట్లు 51 డిగ్రీలకు చేరాయి. లోపలి గాలి 47. నీడలో నిలిపిన కార్లలో డాష్‌బోర్డ్ 48, స్టీరింగ్ 42, సీట్లు 41, గాలి 38 దగ్గర ఆగాయి. కారు పరిమాణం, రంగు, గాలి వీచే తీరును బట్టి ఈ అంకెలు మారుతూ ఉంటాయి. జూలై, ఆగస్టుల్లో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత సగటున 41 దాకా వెళ్ళే కరామాలో గంటసేపు ఎండలో ఉన్న కారు లోపల 55 నుంచి 65 డిగ్రీలు ఉంటుందని అంచనా వేయవచ్చు.

చల్లార్చేటప్పుడు ఇదే లెక్క తిరగబడుతుంది. గాలిని 25 డిగ్రీలు చల్లబరచడానికి తీసివేయవలసిన వేడి 90 కిలోజౌళ్ళ లోపే. నాలుగు కిలోవాట్ల ఏసీకి అది అరనిమిషం పని కూడా కాదు. కాని సీట్లు, డాష్‌బోర్డ్, తలుపుల లోపలి పలకలు కలిపి వంద కిలోలు అనుకుంటే, వాటిని 20 డిగ్రీలు చల్లార్చడానికి 2,400 కిలోజౌళ్ళు తీసివేయాలి. అదే ఏసీకి పది నిమిషాలు పడుతుంది. ఆలోగా ఏసీ ఆపితే చల్లబడిన గాలిని కాగి ఉన్న సీట్లు మళ్ళీ వేడెక్కిస్తాయి. యాప్‌లో 25 అని చూసి కారెక్కినవారికి వీపు కాలడం ఇందువల్లనే. తలుపులన్నీ తెరిచి ముందు వేడిగాలిని పోనిచ్చి, తరవాత ఏసీ వేసి లోపలి గాలినే తిప్పుకోవడం మంచి పద్ధతి.

వేడిని లోపలికి రానివ్వకపోవడం ఇంకా మేలు. ముందు అద్దానికి మెరిసే సన్‌షేడ్ పెడితే డాష్‌బోర్డ్ వేడి బాగా తగ్గుతుంది. రంగు కూడా పట్టించుకోదగినదే. కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలవారు ఒకే నమూనా కార్లు రెండింటిని, ఒకటి నల్లది, ఒకటి వెండిరంగుది, పక్కపక్కన నిలిపి చూశారు. వెండిరంగు కారులో గాలి 5, 6 డిగ్రీలు తక్కువ వేడిగా ఉంది. అద్దాలకు అంటించే పలుచని పొర విషయంలో మాత్రం నలుపును చూసి మోసపోకూడదు. సూర్యశక్తిలో సగం కంటికి కనిపించని పరారుణమే. దాన్ని ఆపగల పొర చూడటానికి తేలికగా ఉండవచ్చు, ఆపలేనిది కారునలుపుగా ఉండవచ్చు.

మూడో గడియారం

విద్యుత్ కారు బ్యాటరీ బరువు 400 నుంచి 500 కిలోలు. దాన్ని పది డిగ్రీలు వేడెక్కించాలంటే సుమారు 4,500 కిలోజౌళ్ళు, అంటే ఒకటింబావు యూనిట్ల విద్యుత్తుతో సమానమైన వేడి, నెమ్మదిగా చేరాలి. ఎండ దాని మీద నేరుగా పడదు. కింద కాగుతున్న తారురోడ్డు, చుట్టూ ఉన్న గాలి దాన్ని గంటల తరబడి వేడెక్కిస్తాయి. పొద్దు గుంకినా ఆ వేడి తొందరగా దిగదు. గల్ఫ్ తీరంలో వేసవి రాత్రులు 30 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటాయి. గాలిలోని తేమ నేల వేడిని ఆకాశంలోకి పోనివ్వదు.

లిథియం అయాన్ బ్యాటరీలో వేడి పెరిగేకొద్దీ అవాంఛిత రసాయన చర్యల వేగం పెరుగుతుంది. పూర్తిగా చార్జి చేసి వేడిలో వదిలేస్తే నష్టం మరింత ఎక్కువ. ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు లేని తొలితరం నిస్సాన్ లీఫ్ కార్ల బ్యాటరీలు అరిజోనా ఎండల్లో త్వరగా సామర్థ్యం కోల్పోతున్నాయని 2012లో యజమానులు ఫిర్యాదు చేశారు. కంపెనీ తరవాత బ్యాటరీ సామర్థ్యానికి హామీ ఇవ్వవలసి వచ్చింది. నేటి కార్లలో చాలావాటికి బ్యాటరీని చల్లబరిచే ద్రవ వ్యవస్థ ఉంది. అయినా చాలా రోజులు ఎండలో వదిలి ఊరికి వెళ్ళేటప్పుడు చార్జి సగం దగ్గర ఉంచడం, ప్రయాణం నుంచి వచ్చిన వెంటనే కాక రాత్రి చల్లబడ్డాక చార్జి చేయడం బ్యాటరీ ఆయుష్షుకు మంచివి.

శరీరం కూడా ఎండలో నిలిపిన పెట్టెలాంటిదే

బ్యాటరీ పాడైతే డబ్బుతో పోతుంది. మొదటి గడియారం తీసుకెళ్ళేది ప్రాణాన్ని. 2025 ఏప్రిల్‌లో రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం దామరగిద్దలో ఇద్దరు పసిపాపలు, మే నెలలో విజయనగరం దగ్గరి ద్వారపూడిలో నలుగురు పిల్లలు ఆడుకుంటూ ఆగి ఉన్న కార్లలోకి ఎక్కి, తలుపులు మూసుకుపోయి, ప్రాణాలు కోల్పోయారు. అమెరికాలో ఇలా ఏటా సగటున 37 మంది పిల్లలు చనిపోతున్నారు. వారిలో సగానికి పైగా పెద్దలు మరచిపోయినవారు. దాదాపు నాలుగో వంతు తామే కారెక్కినవారు.

ఇలాంటి వార్తలన్నిటిలోనూ 'ఊపిరాడక' అన్న మాట కనిపిస్తుంది. లెక్క చూస్తే ఆ మాట నిలవదు. కారు లోపలి 3,000 లీటర్ల గాలిలో ఆక్సిజన్ 600 లీటర్ల పైనే ఉంటుంది. చిన్నపిల్లవాడు విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి లీటరులో ఎనిమిదో వంతు వాడుకుంటాడు. నలుగురు పిల్లలు గంటలో వాడేది ముప్పై లీటర్లు. ఏడ్చి పెనుగులాడినందుకు రెట్టింపు చేసినా ఆక్సిజన్ 21 శాతం నుంచి 19 దగ్గరికే దిగుతుంది. పైగా ఏ కారూ గాలి చొరబడనంత బిగుతుగా ఉండదు. ఆయాసం కలగవచ్చు గాని, ఎండలోని కారులో ముందుగా ప్రాణం తీసేది వేడి. మాట తప్పయితే జాగ్రత్త కూడా తప్పవుతుంది. ఊపిరి గురించే భయపడే తల్లిదండ్రులు అద్దం రెండు వేళ్ళ మేర దించి, ఇక ఫరవాలేదనుకుంటారు.

మన చర్మం ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు. చుట్టూ గాలి అంతకన్నా వేడిగా ఉంటే శరీరం నుంచి వేడి బయటికి పోవడానికి చెమట ఆరడం ఒక్కటే దారి. మూసిన కారులో ఆ చెమటే తేమగా చేరి ఆరే దారిని మూసేస్తుంది. బరువుతో పోలిస్తే పసివాళ్ళ చర్మం విస్తీర్ణం ఎక్కువ కనుక వారి శరీరం పెద్దలకన్నా మూడు నుంచి ఐదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. వానోస్ బృందం లెక్క ప్రకారం రెండేళ్ళ బిడ్డ శరీరం ఎండలోని కారులో గంటకు, నీడలోని కారులో కూడా రెండు గంటల లోపే, 104 డిగ్రీల ఫారెన్‌హైట్‌కు చేరగలదు. అక్కడినుంచి మెదడు పనితీరు తప్పడం మొదలవుతుంది. అదే వడదెబ్బ. ఇది జ్వరం కాదు. జ్వరంలో మెదడే ఉష్ణోగ్రతను పెంచి నిలుపుతుంది, అందుకే పారాసిటమాల్ పనిచేస్తుంది. వడదెబ్బలో ఆ మందు పనిచేయదు. బట్టలు తీసి, చల్లని నీళ్ళతో తడిపి, గాలి విసరడం వెంటనే చేయవలసిన వైద్యం. అంబులెన్సుకు ఎమిరేట్స్‌లో 998, తెలుగు రాష్ట్రాల్లో 108.

యాప్ మీద ఎంత నమ్మకం?

ఇంజను లేకుండానే ఏసీ నడవడం విద్యుత్ కారు ఇచ్చిన నిజమైన సౌకర్యం. ఎండ పోటును తట్టుకుంటూ ఏసీ గంటకు ఒక యూనిట్ వాడుతుందనుకుంటే, ఎనిమిది గంటలకు 60 యూనిట్ల బ్యాటరీలో ఏడో వంతు కన్నా తక్కువే ఖర్చవుతుంది. టెస్లా 2016లో ప్రకటించిన అతివేడి నివారణ సదుపాయం, నిలిపిన కారు లోపల గాలి 40 డిగ్రీల దరిదాపు దాటకుండా చూస్తుంది. అది వస్తువుల రక్షణకు చాలు. పసిబిడ్డకు చాలదు. నలభై డిగ్రీలంటే చర్మం కన్నా వేడి గాలే. పైగా చార్జి ఒక హద్దు కన్నా తగ్గినా, నిర్ణీత గంటలు గడిచినా ఆ వ్యవస్థ ఆగిపోతుంది. కొన్ని విద్యుత్ కార్ల తలుపులు మీట నొక్కితే విద్యుత్తుతోనే తెరుచుకుంటాయి. అది పనిచేయనప్పుడు చేత్తో లాగే పిడి ఎక్కడుందో చాలామంది పెద్దలకే తెలియదు, పిల్లలకు అసలే తెలియదు. కారు కొన్న రోజునే ఆ పిడిని వెతికి, ఇంట్లో అందరిచేతా ఒకసారి లాగించి చూడటం అవసరం.

ఎమిరేట్స్‌లో వదీమా చట్టంగా పేరుపొందిన 2016 నాటి మూడో సమాఖ్య చట్టం పిల్లల పట్ల నిర్లక్ష్యాన్ని నేరంగా పరిగణిస్తుంది. పిల్లలను కారులో వదిలి వెళ్ళడం కూడా దాని కిందికే వస్తుంది. ఎండ వేళ బయటి పనిని జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఆ దేశం నిషేధించింది. అదే ఎండలో 'ఐదు నిమిషాల్లో వచ్చేస్తా'నని కరామా కిరాణా కొట్టులోకి వెళ్ళినవారికి బిల్లు కట్టే వరసలోనే పది నిమిషాలు గడుస్తాయి. ఆ పది నిమిషాల్లో కారు పది డిగ్రీలు పెరుగుతుంది.

మరచిపోవడం ప్రేమ లేకపోవడం వల్ల జరగదు. అలవాటైన దారిలో అలసిన మనసు చేసే పొరపాటు అది, ఎవరికైనా జరగవచ్చు. అందుకే జాగ్రత్తను జ్ఞాపకానికి వదలకుండా అలవాటుగా మార్చుకోవాలి. చేతిసంచినో ఆఫీసు గుర్తింపు కార్డునో వెనక సీట్లో బిడ్డ పక్కన పెట్టుకుంటే, దిగేటప్పుడు వెనక తలుపు తెరవక తప్పదు. ఇంటి ముందు ఖాళీగా ఉన్న కారుకు కూడా ఎప్పుడూ తాళం వేసి, తాళంచెవి పిల్లలకు అందకుండా పెట్టాలి. పిల్లవాడు కనబడకపోతే నీళ్ళ తొట్టి తరవాత మొదట వెతకవలసింది కారులోనే.